తాటిచెట్టు మీద కూసిన ఫోను

సిద్దిపేట
6 జూన్ 2025

చెల్లె సింధుజకు, అన్న రమేశ్ రాసేది.

చింతమడక ఎంత దూరమని ఉత్తరం రాస్తుండు అని నవ్వకు. ఆటోల ఎక్కితే నీ ఇంటి ముంగట దిగుత, ఫోన్ చేస్తే నిమిషం. గని ఫోన్ చేస్తే నువ్వు ఏం మాట్లాడ్తవు? "ఆఁ అన్నా", "ఊఁ అన్నా", "బాగున్నం అన్నా". నాలుగో మాటకు ఫోన్ అత్త చేతికిస్తవు. బడిల నువ్వు రాసిన వ్యాసం సారు క్లాసంత తిప్పి చూపెట్టిండు, యాదున్నదా? ఏడో తరగతితోనే నిన్ను బడి మాన్పిచ్చిన్రు గని నీ రాత ఆగలే. నీ మాటలన్ని నీ చేతిల ఉంటయి, నోట్లకు రావు. అందుకే కాయిదం పట్టిన.

గీ డబ్బల ఉన్నది గట్టి ఫోను. కొత్త కంపెనీ. వాడి చూడుమని దుకాణానికి ఒకటిచ్చిన్రు. కింద వడ్డా పలుగదట, నీళ్ళల్ల మునిగినా చెడిపోదట. పాత బస్టాండు కాడ నా దుకాణానికి వచ్చేటోళ్ళు సగం మంది రైతులు, మేస్త్రీలు, గీత పనోళ్ళు. "రమేశూ, నిజంగ గట్టిదేనా?" అని అడుగుతరు. నేను ఫ్యాన్ కింద కూసునేటోన్ని, నాకెట్ల ఎర్క? మీ వదిన ఉజ్వలను వాడుమంటే "గా ఇటుకను నేను మొయ్య" అన్నది.

నువ్వు వాడు. మూడు సంగతులు రాయి. ఎంత గట్టిది, చేతికి, ఒంటికి ఎట్లున్నది, తెర ఎట్ల కనవడ్తుంది. మంచి ఒక్కటే రాయకు. సిమ్ము ఏసిన. పొలంల ఉన్నా వినవడాలని కోడికూత మోత పెట్టిన. ఉత్తరం ఆటో రాజం చేతికిస్తే నాకు ముడ్తది.

బావను, అత్తను అడిగిన అని చెప్పు.

నీ అన్న
రమేశ్

•

చింతమడక
15 జూన్ 2025

అన్నకు, వదినెకు సింధుజ దండాలు.

ఫోను ముట్టింది. అత్తమ్మ చేతుల పట్టుకొని "గిది ఫోనా, గూటమా?" అన్నది. పలుగదట అని నేను చెప్పుడే నా తప్పయింది. తెల్లారి లేచి చూస్తే దానితోని దూడకు గూటం కొడుతుంది. "పలుగదంటివి గద పిల్లా, మల్ల మొకం అట్ల వెడ్తవేంది?" అన్నది. గూటం దిగింది. ఫోనుకు ఒక మూల మీద గీత వడ్డది, అంతే. గట్టితనం సంగతి ఇంతకన్న నేనేం రాయాలె?

రెండోది. కుడితి గోలెంల పడ్డది. నేను చెయ్యి పెట్టేలోపట బర్రె మూతి పెట్టింది. బోరింగు కింద కడిగిన. పనిచేసింది గని ఒక పూటంత అవుతలోళ్ళ మాట బావిలకెంచి వచ్చినట్టు వచ్చింది. ఆరినంక మంచిగయింది. చార్జింగు పెట్టే కాడ రబ్బరు మూత ఉన్నది చూడు, అది ఒత్తి పెట్టకుంటె నీళ్ళు పోతయి. కొనేటోళ్ళకు అది ముందుగాల చెప్పు.

తెర మస్తుగున్నది. నారుమడి కాడ నడిమింటి ఎండల గూడ అక్షరాలు కనవడ్డయి. పాత ఫోనైతే కొంగు కప్పుకొని చూడాలె, దొంగతనంగ చూసినట్టు. గని వేలు తడిగుంటె మాత్రం తెర మన మాట వినదు, దాని ఇష్టమున్నట్టు ఉరుకుతది. పిండి చెయ్యైతే అసలు కదలనే కదలదు.

చేతికి మాత్రం బరువు. ఆడోళ్ళం ఫోను యాడ పెట్టుకుంటం? రవికెల పట్టదు. కొంగుకు కట్టుకుంటె నడుస్తుంటె మోకాలికి తాకుతది. దీన్ని చేసినోళ్ళ ఇండ్లల్ల ఆడోళ్ళు పొలం పోరేమో.

అన్నా, ఇంకొక ముచ్చట. నీకు చెప్పలే, ఎవ్వలకు చెప్పలే. పోయిన నెల వాన వడ్డ తెల్లారి, మా ఆయన కల్లు గీసి తాటిచెట్టు దిగుతుంటె కాలు జారింది. చెట్టంత తడి. నడుముకున్న మోకు ఆపింది గాబట్టి కింద వడలే. గని తలకిందులయి చెట్టుకు వేలాడిండు. ఫోను అంగి జేబుల, అంగి చెట్టు కింద బండి మీద. బువ్వకు రాకపాయె అని నేను ఫోన్ మీద ఫోన్ చేస్తున్న. కింద మోగుతుంటె పైకెంచి విన్నడట. "నువ్వే చేస్తున్నవని ఎర్కే. నేను కిందికి రాను, అది పైకి రాదు" అని తర్వాత నవ్వుకుంట చెప్పిండు. నాకు నవ్వు రాలే. దేవదాసు పెదనాయిన తన చెట్టు మీదికెంచి చూసి, ఉరికొచ్చి దించిండు. ఆయన చూడకుంటె?

చెట్టెక్కేటోళ్ళు ఫోన్ పైకి తీస్కపోరు, పడితే పలుగుతదని. ఇది పలుగది గద. ఆయన దీన్ని పైకి తీస్కపోవాలె. నాకు కావాల్సింది గదొక్కటే. గని నాకు ఆయన ముంగట నిలవడి చెప్పొస్తలేదు. పెండ్లయి రెండేండ్లయినా ఆయన ఏదన్న అడిగితె జవాబు చెప్పుడే గని నేనుగా మాట మొదలు పెట్టింది లేదు. నువ్వు జర మెల్లగ చెప్పు. నీ మాట వింటడు.

వదినెకు మోకాలు నొప్పి తగ్గిందా?

నీ చెల్లె
సింధుజ

•

సిద్దిపేట
19 జూన్ 2025

సింధుజా,

నీ ఉత్తరం చదివినంక నాకు బువ్వ పోలే. ఇంత జరిగితే అన్నకు చెప్పవా? మన బాపు చెట్టెక్కిన దినాలల్ల అవ్వ పొద్దుగూకేదాక గడపల కూసుంటుండె. నువ్వు గూడ గట్ల భయపడుకుంట కూసునుడు నాకు ఇష్టం లేదు. నువ్వు రాసింది చూస్తుంటె నీకు నిద్ర గూడ పడ్తలేనట్టున్నది. బాపు కాలు ఇరిగినంకనే మన ఇంట్ల మోకు గోడకెక్కింది. నీ ఇంట్ల అంతదాక రావద్దు.

బావకు చెప్పు, చెట్లు బంద్ చెయ్యుమను. నా దుకాణంల మనిషి కావాలె. నీడపట్టున కూసుంటడు. చెల్లె భయంతోని బతకద్దు, గంతే నేననేది.

ఫోను సంగతి. పక్కన నారింజ రంగు మీట ఒకటున్నది. దాన్ని మూడుమాట్ల ఒత్తితే మనం పెట్టిన నంబరుకు ఫోన్ పోతది. వేలు తడిగున్నా, జిగటున్నా, తెర చూడకున్నా పనిచేస్తది. ఎట్ల పెట్టాలెనో వెనక పేజీల రాసిన. చెట్టు మీదికి పనికొచ్చేది గదే.

నువ్వు తెర గురించి రాసింది ఒక గిరాకికి చదివి వినిపించిన. ములుగు దిక్కు రైతు. "ఎవ్వలు రాసిన్రో గని ఎండల నిలవడి రాసిన్రు" అన్నడు. నాకు మస్తు సంబురమయింది.

నీ అన్న
రమేశ్

•

చింతమడక
26 జూన్ 2025

అన్నకు,

అందరం బాగున్నం. నాట్లు మొదలైనయి. నడుము నొస్తుంది, ఎక్కువ రాయ. ఫోను సంగతి మల్ల రాస్త. నేను రాసింది పరాయోళ్ళకు ఎందుకు చదివి వినిపిస్తివి? నాకు శరమయింది. ఇంకోసారి చదివితే రాయనే రాయ.

సింధుజ

•

సిద్దిపేట
2 జూలై 2025

చెల్లె సింధుజకు,

కోపమొచ్చిందా? తప్పయింది. ఇగ ఎవ్వలకు చదువ, ఒట్టు.

గని ఫోను ఎందుకు ఎత్తుతలేవు? పగటీలి చేసిన, మాపటీలి చేసిన. మోగుతది, మోగుతది, ఆగిపోతది. కట్టేసినట్టు గూడ లేదు, ఎవ్వలన్న వింటు కూసున్నట్టుంటది. బావ పాత ఫోనుకు చేస్తే అత్త ఎత్తి, "మంచిగున్నం బిడ్డా, కోడిని చూస్తున్నం" అని పెట్టేసింది. ఏం కోడి?

మీ వదిన అంటది, "నువ్వు దుకాణంల కూసోమన్నవని ఆయనకు మనసుల వడ్డట్టున్నది. నీ బుద్ధికి అంతే" అని. నిజమా? నేను మంచికే రాసిన. బావను తక్కువ చెయ్యాలని కాదు. కంపెనీ ఆయన మల్ల వస్తడు. గీ ఫోన్లు తెప్పియ్యాల్నా వద్దా అని అడుగుతడు. దాని సంగతి అట్లుంచు, నువ్వెట్లున్నవో ఒక్క సాలు రాయి.

నీ అన్న
రమేశ్

•

చింతమడక
8 జూలై 2025

అన్నకు, వదినెకు దండాలు.

కోపం లేదు. కూసోని చదువు, పెద్దగున్నది.

నీ 19 తారీకు ఉత్తరం రాజం నా చేతికియ్యలే. ఆయన ఎదురొస్తే ఆయనకిచ్చిండు. ఆయన చదివి నా ముంగట పెట్టి, "మీ అన్నకు మనిషి కావాలంటె దుకాణం ముంగట బోర్డు పెట్టుమను" అన్నడు. గంతే. బువ్వ తిని పండుకున్నడు. తెల్లారి గూట్ల ఫోను లేదు. చెరువుల ఇసిరేసిండనుకున్న. అడుగుదామంటె నోరు రాలే. నువ్వు ఫోన్ చేస్తవని ఎర్కే. ఏం చెప్పాలె? అందుకే నాలుగు సాలు రాసి ఊకున్న.

ఇంతల ఊర్ల ఒక ముచ్చట లేచింది. తాటివనంల చెట్టు మీద కోడి కూస్తుందని. చూస్తే కోడి కనవడదట. కల్లు తాగవోయినోళ్ళు చెప్తే ముందుగాల అందరు నవ్విన్రు. తాగినోళ్ళకు ఏమన్న వినవడ్తది గద. తర్వాత తాగనోళ్ళకు గూడ వినవడ్డది. అత్తమ్మకు మాత్రం గుండెల రాయి వడ్డది. ఆయన చెట్టుకు వేలాడిన దినమే అత్తమ్మ, చెట్టెక్కేటోళ్ళను కాసే కాటమయ్యకు కోడి మొక్కిందట. నాట్ల పనుల వడి ఇయ్యలే. కూసేది గూడ ఆయన జారిన చెట్టే. "దేవుడు అడుగుతుండు పిల్లా. కోడిని అడుగుతుండు" అని ఆగమైంది.

మొన్న పొద్దుగాల పుంజును సంకల వెట్టుకొని బయిలెల్లింది. నేను పసుపు, కుంకుమ, బువ్వ పట్టుకొని ఎన్కంగ పోయిన. వనంల పది మంది మొగోళ్ళు కూసోని తాగుతున్నరు. నేను కొంగు నిండ కప్పుకొని చెట్టు చాటుకు నిలవడ్డ. అత్తమ్మ చెట్టు మొదట్ల పసుపు రాసి చేతులు జోడించిందో లేదో, పైకెంచి కోడి కూసింది. అత్తమ్మ సంకల పుంజు మెడ నిక్కించి మల్ల కూసింది. పైది మల్ల కూసింది. ఇది ఇంకా గట్టిగ కూసింది. తాగేటోళ్ళు లేచి నిలవడ్డరు. ఒకాయన ముంత కింద వెట్టి, "నేనియ్యాల్టి సంది బంద్" అన్నడు. అత్తమ్మ, "ఇస్త తండ్రీ, ఇప్పుడే ఇస్త, నా కొడుకును సల్లగ చూడు" అని ఏడుస్తుంది.

నాకు ఆ కూత ఎర్కే గద. గూట్ల ఎన్నిసార్లు ఇన్నో. మోగుడు నువ్వే మోగిస్తున్నవని గూడ ఎర్కే. మాట గొంతుల ఉన్నది. పది మంది మొగోళ్ళు. అత్తమ్మ కండ్ల నీళ్ళు చూసినంక ఆగలేదు. "అత్తమ్మా, అది మా అన్న ఫోను!" అన్న. ఎంత గట్టిగ అన్ననో, పక్క చెట్టు మీద కల్లు గీస్తున్న మా ఆయన గూడ విన్నడు. "ఆఁ, ఫోనే" అని పైకెంచి అన్నడు.

దిగొచ్చిండు. దేవదాసు పెదనాయిన అడిగిండు, "ఏందిరా శ్రావణ్, ఫోనుకు గూడ గీత పెడ్తున్నవా?"

"పైన పనికొచ్చేది పైననే ఉండాలె గద పెదనాయినా. కల్లు లొట్టిని దినాం ఇంటికి తీస్కపోతమా? చెట్టుకే కట్టి పెడ్తం. నేను జారింది గీ చెట్టు మీద. గీడ కట్టిన."

"నువ్వు ఇంకో చెట్టు మీద జారితే?"

ఆయన మిగిలిన చెట్ల దిక్కు చూసిండు. "గది ఆలోచన చెయ్యలే" అన్నడు.

"చెట్టుకొక ఫోను కట్టురా. మీ బామ్మర్ది మేడ కడ్తడు" అని పెదనాయిన అంటె అందరు పడిపడి నవ్విన్రు. ముంత కింద వెట్టినాయన మల్ల పట్టుకున్నడు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆయన, నేను ఎన్క పడ్డం. ఆయనే అన్నడు. "నువ్వే పైకి తీస్కపొమ్మంటివి."

"నీతోని అనలే" అన్న.

"మీ అన్న రాసిండు గద. దుకాణం ముచ్చట రెండు సాలున్నది. నువ్వు భయపడ్తున్న ముచ్చట ఉత్తరమంత ఉన్నది. నేను అదంత చదివిన. నువ్వు అడుగుతవేమో అని చూసిన. నువ్వు అడుగలే, నేను చెప్పలే."

అన్నా, ఇన్ని దినాలు ఆయనకు రోషమొచ్చిందనుకున్న. ఆయన నా మాట విన్నడు. విన్నట్టు చెప్పుడే తెల్వలే, అంతే.

పుంజును మాత్రం అత్తమ్మ ఇడువలే. "దేవుని ముంగటికి తెచ్చినదాన్ని మల్ల గంప కింద మూస్తరా?" అని మొక్కు చెల్లిచ్చింది. నీకు కూర పంపుదామంటె రాజం అప్పటికే ఎళ్ళిపోయిండు.

ఇగ ఫోను సంగతి. ఎండకు ఎండింది, రెండు వానలకు తడిసింది. గబ్బిలం రెట్ట వేసింది. మాట వచ్చే తొర్రలల్ల చీమలు పోయినయి, కల్లు తీపికి. గుడ్డతోని తుడిచి, సూదితోని తీసిన. తెర మీద ఒక్క గీత లేదు. బ్యాటరీ పెద్దది గద, ఇన్ని దినాలైనా చార్జింగు ఇంకా జర మిగిలే ఉన్నది. దీన్ని గట్టిది గాదంటె నేను ఒప్పుకోను.

గని నాకు కావాల్సింది ఇంకా కాలే. నడుముకు కట్టుకొని ఎక్కి చూసిండు. మందంగ ఉండి కత్తులకు అడ్డమొస్తుందట, వంగితే దాని మూల తుంటి ఎముకకు గుచ్చుతుందట. "బరువు ఒక దిక్కు గుంజుతది, దీంతోనే పడ్త" అన్నడు. అది నిజమే. ఏదన్న చెయ్యాలె.

సింధుజ

•

సిద్దిపేట
12 జూలై 2025

చెల్లె,

నేను నవ్విన నవ్వుకు దుకాణంల ఉన్న గిరాకి ఎళ్ళిపోయిండు. మీ వదిన చదివి మల్ల చదివింది. నవ్వుతుంటె నవ్వుతుంటె ఆమె కండ్లల్ల నీళ్ళొచ్చినయి.

బావకు ఈ ఉత్తరం నువ్వే చూపెట్టు. బావా, నీ పని నీకు నేను చెప్పుడు తప్పు. బాపు కాలు యాదికొచ్చి రాసిన. దుకాణం మాట మర్చిపో. నువ్వు ఎక్కు. పైలంగ ఎక్కు.

సింధుజా, నడుముకు వద్దు. మెడల వేసుకుంటె మట్టలకు చిక్కుతది, అది గూడ వద్దు. నాకైతె తోస్తలేదు. నీకే తోస్తది. మీటకు నంబరు పెట్టిన్రా? దేవదాసు పెదనాయినది పెట్టుండ్రి, ఆయన పక్క చెట్టు మీదనే ఉంటడు.

కంపెనీ ఆయన నెల ఆఖరుకు వస్తడు.

నీ అన్న
రమేశ్

•

చింతమడక
27 జూలై 2025

అన్నకు, వదినెకు సింధుజ దండాలు.

నీ ఉత్తరం ఆయనకు ఇచ్చిన. చదివి మడిచి జేబుల వెట్టుకున్నడు. "మీ అన్న మంచోడే, జర తొందరెక్కువ" అన్నడు. గంతే.

ఆయన పాత జీన్సు పాయింటు కాలు కోసి సంచి కుట్టిన. ఎడమ భుజం ముందటి దిక్కు అతికి ఉంటది, సంక కిందికెంచి పట్టీ పోతది. ఊగదు. మీట కాడ గుడ్డకు తొర్ర పెట్టిన, సంచిలకెంచి తియ్యకుండనే ఒత్తచ్చు. మొదటిది బిగుసుగయింది, ఇప్పి మల్ల కుట్టిన. రెండోది వేసుకొని ముందుగాల మా వేపచెట్టు ఎక్కిండు. అత్తమ్మ కింద నిలవడి, "మొగుణ్ణి కొలతలు తీసి చెట్టెక్కిస్తుంది, ఎసుంటి కోడలు దొరికింది నాకు" అన్నది. నవ్వుకుంటనే అన్నది. తర్వాత తాటిచెట్టెక్కిండు. కత్తికి అడ్డం లేదట. బరువు మాత్రం బరువే, అది తగ్గలే. అలవాటైతదన్నడు.

మీట నంబరు ఆయనే పెట్టుకున్నడు. పెదనాయినది పెట్టిండనుకున్న, నువ్వు రాసినవు గాబట్టి.

పోయిన మంగళారం గిన్నెలు తోముతున్న. ఇంట్ల పాత ఫోను మోగింది. చూస్తే గట్టి ఫోను నంబరు. ఆయన చెట్టు మీద ఉండే వేళ. అన్నా, గిన్నె ఆడనే ఇడిచి ఉరికిన. ఎత్తిన. అవుతల గాలి మోత.

"పడ్డవా?" అన్న. పెండ్లయినంక నేనుగా మొదలు వెట్టిన మాట అదే కావచ్చు.

"పడలే. తూర్పు దిక్కు మబ్బు పట్టింది. బయట ఆరేసిన పిడకలు లోపటెయ్యుండ్రి."

పిడకలు ఏసినమో లేదో వాన కొట్టింది. అత్తమ్మ, "చెట్టు మీదికెంచి వాన చెప్పే కొడుకాయె" అని సంబురపడ్డది.

తెల్లారి మల్ల మోగింది. "పక్కోళ్ళ దూడ మన నాటుల వడ్డది" అన్నడు. పోయి తోలిన. అవుతలి దినం మోగితే నేను భయపడలే. ఫోను పట్టుకొని ఇంటెనకకు పోయిన.

"ఇయ్యాల ఏం కనవడ్తుంది?" అని అడిగిన.

"ఏం లేదు" అన్నడు. మల్ల తనే, "మన ఇల్లు కనవడ్తుంది. పొగ లేస్తుంది. ఏం వండుతున్నవ్?"

పచ్చిపులుసు అని చెప్పిన. ఇంట్ల నలుగురి మధ్యల ఆయన నన్ను ఇది ఎన్నడు అడుగలే, నేను ఎన్నడు చెప్పలే. పైన ఆయనకు ఎవ్వలు లేరు, ఇంటెనక నాకు ఎవ్వలు లేరు. తర్వాత ఇంకేం మాట్లాడినమో నీకెందుకు రాయాలె.

మీట పెదనాయినకు పోతే మంచిది గద అని నేనే అడిగిన. "నేను పడ్తే నువ్వే గద పెదనాయినను కేకేసేది. ఆ దినం వనంల ఎట్ల అరిచినవో విన్న గద. నీ గొంతు చాలు" అన్నడు.

కంపెనీ ఆయన వస్తే గిట్ల చెప్పు. గీత పనోళ్ళకు, రైతులకు తెప్పియ్యి. నేను వాడి చెప్తున్న, మంచిదే. తడి వేలుకు తెర పనిచెయ్యది, మీట పనిచేస్తది. రబ్బరు మూత గట్టిగ ఒత్తుమను. నడుముకు కట్టుకుంటె గుచ్చుతది, భుజానికి సంచి కావాలె. కావాలన్నోళ్ళకు నేను కుట్టిస్త. నీ దుకాణంల వెట్టు, నేను రాసింది గూడ వినిపిస్తె వినిపియ్యి, ఇప్పుడు నాకు అంత శరం లేదు. ఆడోళ్ళకు మాత్రం ఇంకా పలుసది చెయ్యుమను.

ఇంకొకటి. పొద్దుగాల ఆయన చెట్టు మీద ఉన్నప్పుడు నువ్వు ఈ ఫోన్లకు చెయ్యకు. రెండు గూడ బిజీ వస్తయి.

నీ చెల్లె
సింధుజ